మా కంపెనీ వికీపీడియా పేజీని మేమే దిద్దుకోవచ్చా?

చిగురు
అందరికీ నమస్కారం. నేను ఒక మధ్యస్థాయి కంపెనీలో కమ్యూనికేషన్స్ విభాగంలో పనిచేస్తున్నాను. మా కంపెనీ మీద ఇంగ్లీషు వికీపీడియాలో ఒక వ్యాసం ఉంది. అది మేం రాసింది కాదు, ఎవరో ఎప్పుడో మొదలుపెట్టారు. అందులో స్థాపించిన సంవత్సరం తప్పుగా ఉంది. ఎప్పుడో వెళ్లిపోయిన సీఈవో పేరే ఇంకా కనిపిస్తోంది. ఇవి చిన్న సంగతులే. అసలు సమస్య ఏమిటంటే, వ్యాసంలో సగానికి పైగా ఒకే ఒక్క పాత కోర్టు కేసు గురించి ఉంది. కేసు నిజం, జరిమానా కట్టిన మాటా నిజం. కానీ అప్పీలులో ఆ తీర్పులో కొంత భాగాన్ని కొట్టేశారు. ఆ సంగతి వ్యాసంలో ఎక్కడా లేదు.

మా మేనేజర్ గారు "ఎడిట్ బటన్ అందరికీ ఉంది కదా, ఇవాళే సరిచేసెయ్. కేసు భాగం మొత్తం తీసెయ్" అన్నారు. చెయ్యడం తేలికే. చెయ్యొచ్చా లేదా అన్నదే సందేహం. మా సంగతి మాకు తెలిసినంతగా బయటివాళ్లకు తెలియదు కదా అని ఒకవైపు అనిపిస్తోంది. చేస్తే ఏమవుతుందో అని ఇంకోవైపు టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి.

మూలాలెక్కడ
చిగురు గారూ, చేసే ముందు అడిగారు, సంతోషం. నేను చాలా ఏళ్లుగా వికీపీడియాలో రాస్తున్నాను. ఇటీవలి మార్పులు చూసి, చెడ్డవాటిని వెనక్కి తిప్పే పని కూడా చేస్తుంటాను. కేసు భాగాన్ని మీ చేతులతో తీసెయ్యకండి.

మీరు జీతం తీసుకునే సంస్థ గురించి మీరు రాస్తే అది డబ్బు తీసుకుని రాసినట్టే లెక్క. "ఈ పనికి విడిగా డబ్బులివ్వలేదు, ఉద్యోగంలో భాగంగా చేశాను" అన్నా అంతే. 2014 జూన్‌లో వికీపీడియాను నడిపే సంస్థ వికీమీడియా ఫౌండేషన్ తన వాడుక నిబంధనల్లో ఈ విషయం స్పష్టంగా చేర్చింది. డబ్బు తీసుకుని రాసేవాళ్లు తమ యజమాని ఎవరో, ఎవరి కోసం రాస్తున్నారో చెప్పి తీరాలి. మీ వాడుకరి పేజీలో, అంటే మీ ఖాతాకు ఉండే సొంత పేజీలో చెప్పొచ్చు, వ్యాసం చర్చ పేజీలో, అంటే ఆ వ్యాసం గురించి మాట్లాడుకోవడానికి దానికి జతగా ఉండే పేజీలో చెప్పొచ్చు, దిద్దుబాటు సారాంశంలోనైనా, అంటే మార్పు భద్రపరిచేటప్పుడు రాసే చిన్న వివరణలోనైనా చెప్పొచ్చు. చెప్పకుండా చేస్తే ఖాతాను నిరోధిస్తారు.

చెప్పిన తర్వాత కూడా ఇంగ్లీషు వికీపీడియాలో నేరుగా వ్యాసంలో చెయ్యి పెట్టొద్దనే గట్టిగా సూచిస్తారు. చర్చ పేజీలో అభ్యర్థన పెట్టాలి. దానికి ఒక మూస, అంటే ముందే తయారుగా ఉన్న నమూనా ఉంది. అది పెడితే మీ అభ్యర్థన ఒక వరుసలో చేరుతుంది. సంస్థతో సంబంధం లేని వాడుకరి (వికీపీడియాలో రాసేవాళ్లను అలా అంటారు) ఎవరో ఒకరు వచ్చి, మూలాలు చూసి, సరైనదైతే మార్పు చేస్తారు.

ఇంకో సంగతి. మీరు తీసేసిన వాక్యం ఎక్కడికీ పోదు. చరిత్ర నొక్కితే వ్యాసం పుట్టినప్పటి నుంచి ప్రతి కూర్పూ కనిపిస్తుంది. ఏ ఖాతా ఏ రోజు ఏ నిమిషంలో ఏ మాట తీసేసిందో పాత, కొత్త కూర్పులు పక్కపక్కనే పెట్టి చూసుకోవచ్చు.

సూటిమాట
నాకు ఇది అన్యాయంగా అనిపిస్తోంది. "ఎవరైనా రాయవచ్చు" అని పెద్ద అక్షరాలతో పెట్టి, ఎవరి గురించి రాస్తున్నారో వాళ్లు మాత్రం రాయకూడదంటే ఎలా? కంపెనీ మీద కోపం ఉన్న మాజీ ఉద్యోగి రాయొచ్చు, పోటీ కంపెనీవాడు దొంగ పేరుతో వచ్చి రాయొచ్చు. నిజాయితీగా పేరు చెప్పుకున్న ఉద్యోగి మాత్రం వరుసలో నిలబడాలా? చిగురు గారి దగ్గర అప్పీలు తీర్పు ఉంది. అది నిజం. నిజం ఎవరు రాస్తే ఏం?

మూలాలెక్కడ
మాజీ ఉద్యోగికీ, పోటీ కంపెనీకీ కూడా ఇదే నియమం వర్తిస్తుంది. పోటీ కంపెనీ జీతగాడు వచ్చి చెడు రాస్తే అతనూ వెల్లడించాలి, దొరికితే అతని ఖాతా కూడా పోతుంది. విశ్వవిద్యాలయాలకూ, స్వచ్ఛంద సంస్థలకూ, రాజకీయ నాయకుల సిబ్బందికీ ఇదే మాట. కంపెనీలనే ఏరి పట్టుకున్న నియమం కాదిది.

పాతవార్త
నేను పత్రికలో పనిచేస్తాను. ఈ నియమాలు ఎందుకు ఇంత కటువుగా ఉన్నాయో తెలియాలంటే వెనక్కి వెళ్లాలి.

2007 ఆగస్టులో వర్జిల్ గ్రిఫిత్ అనే విద్యార్థి వికీస్కానర్ అనే పరికరం తయారుచేశాడు. అప్పట్లో ఖాతా లేకుండా దిద్దితే మీ ఐపీ చిరునామా, అంటే ఇంటర్నెట్‌లో మీ కనెక్షన్‌ను గుర్తించే అంకెలు, చరిత్రలో అందరికీ కనిపించేలా నమోదయ్యేది. ఏ ఐపీ చిరునామాలు ఏ సంస్థవో చెప్పే జాబితాలు వేరే ఉన్నాయి. అతను ఆ రెంటినీ కలిపాడు. అంతే, ఏ సంస్థ కంప్యూటర్ల నుంచి ఏ వ్యాసంలో ఏం మారిందో ఎవరైనా వెతుక్కునే వీలు వచ్చింది. ఆ వారమంతా ప్రపంచవ్యాప్తంగా పత్రికల్లో అవే వార్తలు. అందరికీ గుర్తుండిపోయింది డీబోల్డ్ కంపెనీ సంగతి. వాళ్లు ఓటింగ్ యంత్రాలు తయారుచేసేవారు. ఆ యంత్రాల భద్రత మీద నిపుణులు లేవనెత్తిన సందేహాలు ఉన్న పేరాలను 2005లో ఆ కంపెనీ ఐపీ నుంచి ఎవరో ఏకంగా తీసేశారు. వాడుకరులు అప్పుడే తిరిగి పెట్టేశారు. కానీ తీసింది ఎవరన్నది లోకానికి తెలిసింది రెండేళ్ల తర్వాత.

వికీపీడియా స్థాపకుల్లో ఒకరైన జిమ్మీ వేల్స్ కూడా ఇందులో చిక్కుకున్నారు. 2005లో తన మీద ఉన్న వ్యాసాన్ని తనే పలుమార్లు దిద్దుకున్నారు. లారీ శాంగర్‌ను సహస్థాపకుడని చెప్పే మాటలు తీసేశారు. అది బయటపడి, విమర్శలు వచ్చాక, అలా చేసి ఉండాల్సింది కాదని ఆయనే అన్నారు. ఆ తర్వాత డబ్బు తీసుకుని వాదించేవాళ్లు వ్యాసాన్ని నేరుగా ముట్టుకోకూడదు, చర్చ పేజీలోనే అడగాలి అని పట్టుబట్టింది కూడా ఆయనే.

సూటిమాట గారూ, "నిజం ఎవరు రాస్తే ఏం" అన్నారు. డీబోల్డ్ విషయంలో కొత్తగా అబద్ధమేదీ రాయలేదు. ఉన్న నిజాన్ని తీసేశారు. నా అనుభవంలో సంస్థలు చేసే పనుల్లో పొగడ్త చేర్చడం కన్నా ఇదే ప్రమాదం. పొగడ్త ఎవరి కంటికైనా కనిపిస్తుంది. లేని పేరా ఎవరికీ కనిపించదు.

నిక్కచ్చి
పాతవార్త గారి చివరి వాక్యాలతో నూటికి నూరుపాళ్లు ఏకీభవిస్తున్నాను. కంపెనీ తన వ్యాసం తనే రాసుకోవడమంటే తన జవాబు పత్రానికి తనే మార్కులు వేసుకోవడమే. చిగురు గారూ, మీ మేనేజర్ "అప్పీలు సంగతి చేర్చు" అనలేదు చూడండి. "కేసు భాగం మొత్తం తీసెయ్" అన్నారు.

రెండోవైపు
నేను ప్రజాసంబంధాల రంగంలో చాలాకాలంగా ఉన్నాను. మా రంగం చేసిన పాపాలు దాచను. 2011 డిసెంబరులో బ్రిటన్‌లో బెల్ పాటింజర్ అనే పెద్ద ఏజెన్సీ సంగతి రహస్య విలేకరులు బయటపెట్టారు. క్లయింట్ల వికీపీడియా పేజీలను సర్దిపెట్టడం వాళ్లు అందించే సేవల్లో ఒకటి. ఆ ఏజెన్సీతో సంబంధం ఉన్న ఖాతాలను నిరోధించారు. 2013లో వికీ-పీఆర్ అనే కంపెనీ వంతు వచ్చింది. దొంగ ఖాతాల గుంపుతో డబ్బుకు వ్యాసాలు రాసే వ్యాపారం అది. 250కి పైగా ఖాతాలు నిరోధానికి గురయ్యాయి, ఫౌండేషన్ నుంచి లాయరు నోటీసు కూడా వెళ్లింది. 2014లో నిబంధనలు మారడానికి ఇది పెద్ద కారణం.

అయితే రెండో వైపు కూడా వినండి. 2012లో బ్రిటన్ ప్రజాసంబంధాల సంస్థ సీఐపీఆర్, వికీపీడియా వాడుకరులతో కలిసి కూర్చుని మార్గదర్శకాలు తయారుచేసింది. 2014లో 11 పెద్ద ఏజెన్సీలు నిబంధనలు పాటిస్తామని బహిరంగ ప్రకటన మీద సంతకం పెట్టాయి. అంటే మాలో సరైన దారిలో వెళ్లాలనుకునేవాళ్లు ఉన్నారు. ఆ దారిలో వెళ్తే ఏమవుతుందో చెప్తాను. చర్చ పేజీలో అభ్యర్థన పెడతాం. వారాలు గడుస్తాయి, ఒక్కోసారి నెలలు. జవాబు రాదు. ఈలోపు క్లయింటు రోజూ ఫోన్ చేసి "పక్క ఏజెన్సీవాళ్లు రెండు రోజుల్లో చేస్తామంటున్నారు" అంటాడు. ఆ పక్క ఏజెన్సీ ఏ పద్ధతిలో చేస్తుందో మనకు తెలుసు. నియమం పాటించినవాడు ఓడిపోతున్నాడు, దొంగతనంగా చేసినవాడు గెలుస్తున్నాడు. చర్చ పేజీ మీద ఇంత నమ్మకం పెట్టేవాళ్లు అక్కడ జవాబు చెప్పే ఏర్పాటు కూడా చూడాలి కదా?

నిక్కచ్చి
జవాబు చెప్పేది జీతం లేని మనుషులండీ. రాత్రి భోజనం చేసి, పిల్లలు పడుకున్నాక కూర్చుని చేస్తారు. ఒక కంపెనీ తన పూర్తికాలపు ఉద్యోగితో రాయించిన మూడు పేజీల చిత్తుప్రతిని వాళ్లు సొంత సమయంలో మూలం వెంట మూలం సరిచూడాలి. ఆ శ్రమ ఖరీదు ఎవరిస్తున్నారు? వరుస పొడవుగా ఉందంటే దానికి సగం కారణం ఆ వరుసలో చేరే చిత్తుప్రతులే.

నా అభ్యంతరం ఇంకా లోతైనది. చర్చ పేజీ దారి కూడా నాకు పూర్తిగా నచ్చదు. 2013లో బీపీ చమురు కంపెనీ విషయం గుర్తుందా? కంపెనీ ప్రతినిధి నేరుగా వ్యాసం ముట్టుకోలేదు. తను బీపీ ఉద్యోగినని ఖాతా పేరులోనే చెప్పుకున్నాడు. చర్చ పేజీలో చిత్తుప్రతులు పెట్టాడు, వాడుకరులు వాటిని తీసుకెళ్లి వ్యాసంలో పెట్టారు. చివరికి వ్యాసంలో దాదాపు 44 శాతం కంపెనీ నుంచి వచ్చినదేనని విమర్శకులు లెక్కగట్టారు. అందులో పర్యావరణానికి సంబంధించిన భాగాలు కూడా ఉన్నాయి. మెక్సికో సింధుశాఖలో 2010లో అంత పెద్ద చమురు ప్రమాదం జరిగిన కంపెనీ అది! నియమం ప్రకారం తప్పేమీ లేదు. కానీ వ్యాసం చదివే మనిషికి ఇది కంపెనీ చిత్తుప్రతి అని తెలిసే దారి ఏది? చర్చ పేజీ తెరిచి చూసే పాఠకులు ఎంతమంది?

సూటిమాట
అంటే దాక్కుని చేసినా తప్పే, చెప్పి చేసినా తప్పేనా నిక్కచ్చి గారూ? అలాగైతే కంపెనీలకు మిగిలిన దారి ఏమిటి? తప్పు సంవత్సరం అలాగే ఉండిపోవాలా?

మూలాలెక్కడ
బీపీ విషయం మీద నాకు గట్టి అభిప్రాయమే ఉంది. అక్కడ ఆ ప్రతినిధి చెయ్యాల్సినదే చేశాడు. లోపం మా వైపు ఉంది, అంటే వాడుకరుల వైపు. చిత్తుప్రతి బాగుంది, మూలాలున్నాయి, వాక్యాలు శుభ్రంగా ఉన్నాయి అని మొత్తం ఎత్తి అతికించడం సమీక్ష కాదు. ప్రతి వాక్యానికీ మూలం ఉండి కూడా వ్యాసం ఒకవైపుకు ఒరగొచ్చు. ఏ మూలాలను ఎంచుకున్నారు, వేటిని వదిలేశారు, దేనికి మూడు పేరాలు ఇచ్చారు, దేన్ని ఒక్క వాక్యంతో సరిపెట్టారు అన్నదాన్ని బట్టే ఒరుగుతుంది. కంపెనీ చిత్తుప్రతిలో రాసినది సరిచూడ్డం తేలిక. రాయనిది వెతకాలంటే సమీక్షకుడు విడిగా చదువుకోవాలి, అప్పుడే అది సమీక్ష అవుతుంది.

అందుకే చిగురు గారికి, ఈ రంగంలో ఉన్న అందరికీ నేను చెప్పేది ఒకటే. వ్యాసం మొత్తానికి కొత్త చిత్తుప్రతి ఇవ్వకండి. ఒక అభ్యర్థనలో ఒకే మార్పు ఉండాలి. ఫలానా వాక్యం బదులు ఫలానా వాక్యం, ఇదిగో మూలం, ఇదీ కారణం. అలాంటిదాన్ని ఐదు నిమిషాల్లో సరిచూడొచ్చు, కాబట్టి జవాబు తొందరగా వస్తుంది. రెండోవైపు గారూ, నెలల తరబడి ఆగిపోయినవి ఎంత పొడవున్నాయో ఒకసారి గుర్తు చేసుకోండి.

రెండోవైపు
పొడవువే. అది ఒప్పుకుంటాను. ఒక వాక్యం మార్చమని పెట్టినవి వారంలో అయిపోయిన సందర్భాలూ ఉన్నాయి. కానీ కేసుల భాగంలో ఒక వాక్యం మార్చమంటే మాత్రం ఎంత చిన్నదైనా ఎవరూ ముట్టుకోరు. భయం.

వానచినుకు
ఇన్ని రోజులూ చదువుతూ ఉన్నాను, ఇప్పుడు రాయాలనిపించింది. మాది చిన్న సంస్థ. వికీపీడియాలో వ్యాసం కోసం చిత్తుప్రతి పంపితే తిరస్కరించారు. తిరస్కరించిన కొద్ది రోజులకే ఒక ఈమెయిల్ వచ్చింది. "మేం వికీపీడియా నిర్వాహకులం, ఇంత డబ్బు కడితే మీ వ్యాసం ప్రచురిస్తాం, తర్వాత ఎవరూ తొలగించకుండా నెలనెలా కాపాడతాం" అని. మా చిత్తుప్రతి తిరస్కరించిన సంగతి వాళ్లకెలా తెలిసిందో అర్థం కాలేదు. మేం డబ్బు కట్టలేదు. ఇలాంటివి మామూలేనా?

మూలాలెక్కడ
వానచినుకు గారూ, కట్టకపోవడం చాలా మంచిదైంది. తిరస్కరించిన చిత్తుప్రతులు అందరికీ కనిపిస్తాయి, వాళ్లకు తెలిసింది అలాగే. ఇదే పద్ధతిలో నడిచిన పెద్ద మోసం 2015లో బయటపడింది. మొదట దొరికిన ఖాతా పేరు మీద దాన్ని ఆరెంజ్‌మూడీ అంటారు. తిరస్కరించిన, తొలగించిన వ్యాసాల వెనుక ఉన్న చిన్న వ్యాపారులనూ, కళాకారులనూ వెతికి పట్టుకుని డబ్బు అడిగేవారు. కట్టాక, కాపాడినందుకు నెలనెలా మళ్లీ అడిగేవారు. ఆ ముఠాకు చెందిన 381 ఖాతాలు నిరోధించారు, 210 వ్యాసాలు తొలగించారు. డబ్బు కట్టినవాళ్లకు చివరికి వ్యాసమూ మిగల్లేదు.

గుర్తుంచుకోండి, వ్యాసాన్ని ప్రచురిస్తాననీ, తొలగించకుండా కాపాడతాననీ హామీ ఇచ్చే అధికారం ఎవరికీ లేదు. నిర్వాహకులకూ లేదు. వికీమీడియా ఫౌండేషన్ కూడా వ్యాసాలు రాయదు. నిర్వాహకుడినని చెప్పుకుంటూ డబ్బు అడిగితే అది మోసమే. ఆ ఈమెయిల్ ఇంకా ఉంటే డబ్బు తీసుకుని రాసేవారి మీద ఫిర్యాదులు చూసే వికీపీడియా ఈమెయిల్‌కు పంపండి.

పాతవార్త
పెద్ద బ్రాండ్ల సంగతి కూడా ఒకటి చెప్పాలి, ఎందుకంటే అక్కడ ఉద్దేశం తప్పు దిద్దడం కాదు, ప్రకటన.

2017 ఏప్రిల్‌లో బర్గర్ కింగ్ అమెరికాలో ఒక టీవీ ప్రకటన వేసింది. అందులో నటుడు "ఓకే గూగుల్, వోపర్ బర్గర్ అంటే ఏమిటి?" అని అడుగుతాడు. ఇంట్లో గూగుల్ హోమ్ పరికరం ఉంటే అది ఆ మాట విని, వికీపీడియా వ్యాసంలో మొదటి వాక్యాన్ని పైకి చదవాలి. ప్రకటన రావడానికి ముందే ఆ మొదటి వాక్యం ప్రకటన భాషలోకి మారిపోయింది. వాడుకరులు చరిత్ర చూసి పట్టుకున్నారు. గూగుల్ కూడా కొన్ని గంటల్లోనే తన పరికరాలు స్పందించకుండా ఆపింది.

2019లో నార్త్ ఫేస్ దుస్తుల కంపెనీ కోసం బ్రెజిల్‌లోని ఒక ప్రకటనల సంస్థ ఇంకో పని చేసింది. ప్రకృతి విహార స్థలాల మీద ఉన్న వికీపీడియా వ్యాసాల్లో ఫొటోలు తీసేసి, తమ బ్రాండు దుస్తులు కనిపించే ఫొటోలు పెట్టింది. ఆ ఫొటోలు గూగుల్ వెతుకులాటలో పైకి వచ్చాయి. పైగా ఆ ఘనకార్యం గురించి వీడియో తీసి విడుదల చేశారు! వాడుకరులు ఆ ఫొటోలను తొలగించారు, కంపెనీ క్షమాపణ చెప్పింది.

ఈ రెంటిలోనూ ఉచితంగా పనిచేసే వేలమంది కట్టిన నమ్మకాన్ని ఒక ప్రచారం కోసం వాడేసుకున్నారు. అదే నాకు కష్టంగా ఉంటుంది.

సూటిమాట
ఈ ఉదాహరణలను నేనూ సమర్థించను. వాటి వల్ల చిగురు గారి లాంటివాళ్లు ఇరుక్కుంటున్నారన్నదే నా బాధ.

ఒక సంగతి అడుగుతాను. జర్మన్ వికీపీడియాలో కంపెనీ పేరుతోనే ఖాతా తెరవొచ్చు, కంపెనీ ఈమెయిల్ ద్వారా అది నిజమైనదేనని ధ్రువీకరిస్తారు. ఇంగ్లీషులో కంపెనీ పేరుతో ఖాతా తెరిస్తే నిరోధిస్తారు. జర్మన్ పద్ధతి మెరుగైనది కాదా? చరిత్ర చూసిన ఎవరికైనా ఈ మార్పు ఫలానా కంపెనీ చేసిందని నేరుగా పేరే కనిపిస్తుంది.

మూలాలెక్కడ
పేరు కనిపించడం వరకు జర్మన్ పద్ధతి నాకూ నచ్చుతుంది. ఇంగ్లీషులో ఖాతా ఒక్క మనిషిది అయ్యుండాలి అన్న నియమం వల్ల కంపెనీ పేరు కుదరదు. అయితే "ఫలానా కంపెనీలో ఫలానా" అన్న తరహా పేర్లు చెల్లుతాయి, బీపీ ప్రతినిధి పేరు అలాంటిదే.

కానీ జర్మనీ గురించి ఇంకో సంగతి కూడా తెలియాలి. 2012 మేలో మ్యూనిక్ ఉన్నత న్యాయస్థానం ఒక తీర్పు ఇచ్చింది. సాంబ్రాణి నుంచి తయారైన ఉత్పత్తులు అమ్మే ఒక వ్యాపారి సంబంధిత వ్యాసంలో తన వ్యాపారానికి అనుకూలంగా, పోటీదారుకు ప్రతికూలంగా రాశాడు. న్యాయస్థానం దాన్ని ముసుగు ప్రకటన కింద లెక్కగట్టి, అక్రమ పోటీ నిరోధక చట్టానికి విరుద్ధమని చెప్పింది. చర్చ పేజీలో చర్చ జరిగిందన్నది రక్షణ కాలేదు. మామూలు పాఠకుడు వ్యాసం చదువుతాడు, చర్చ పేజీ చూడడు. నిక్కచ్చి గారు పైన అడిగిన ప్రశ్నే అది. అంటే కొన్ని చోట్ల ఇది వికీపీడియా నియమంతో ఆగిపోదు, కోర్టు దాకా వెళ్తుంది.

కొత్తవాడుకరి
చిన్న ప్రశ్న. మా వెబ్‌సైట్‌కు వికీపీడియా నుంచి లింకు ఉంటే గూగుల్‌లో పైకి వస్తుందని ఒకాయన చెప్పాడు, అందుకే కంపెనీలు ఇంత ఆరాటపడతాయా?

మూలాలెక్కడ
2007 నుంచి వికీపీడియా బయటి లింకులన్నిటికీ నోఫాలో గుర్తు ఉంటుంది. ఆ లింకులను ర్యాంకు కోసం లెక్కపెట్టొద్దని సెర్చ్ ఇంజన్లకు చెప్పే గుర్తు అది. కాబట్టి ఆ ఆశతో లింకులు పెట్టడం వృథా.

పాతవార్త
ఆరాటానికి కారణం వేరు. కంపెనీ పేరు వెతకగానే పక్కన పెట్టెలో వచ్చే పరిచయం చాలాసార్లు వికీపీడియాదే. విలేకరులు, పెట్టుబడిదారులు, ఉద్యోగానికి దరఖాస్తు చేసేవాళ్లు మొదట చూసేది అదే. ఇప్పుడు కృత్రిమ మేధ చాట్‌బాట్‌లు నేర్చుకునే పాఠ్యంలోనూ వికీపీడియా ఉంది. ఒక వాక్యం అక్కడ మారితే ఇంకెన్ని చోట్లకు పాకుతుందో ఊహించండి. అందుకే తప్పు ఉంటే కంపెనీకి నష్టం పెద్దది, తప్పుడు మార్పు జరిగితే పాఠకుడికి నష్టం పెద్దది.

బలవంతంగా తీయిస్తే ఇంకా పెద్దదవుతుందన్నది కూడా నిజం. 2013లో ఫ్రాన్స్ గూఢచార విభాగం ఒక సైనిక రేడియో కేంద్రం మీద ఉన్న వ్యాసాన్ని ఒక వాడుకరిని పిలిపించి, బెదిరించి తొలగింపజేసింది. ఎవరూ పట్టించుకోని ఆ వ్యాసం కొద్ది రోజుల్లోనే ఫ్రెంచి వికీపీడియాలో అందరికంటే ఎక్కువమంది చదివిన వ్యాసమైంది. చిగురు గారి మేనేజర్‌కు ఈ సంగతి చెప్పండి.

చిగురు
అందరికీ ధన్యవాదాలు. చదివిన కొద్దీ విషయం స్పష్టమవుతోంది. మేనేజర్ గారితో మాట్లాడాను. "తీసెయ్" నుంచి "సరిచేయించు" వరకు వచ్చారు. కానీ కేసు భాగం అలాగే ఉంటుందంటే బాధపడుతున్నారు. సగం వ్యాసం అదే ఉండటం న్యాయమా అని అడుగుతున్నారు. నాకూ అది న్యాయం కాదనే అనిపిస్తోంది. దానికి ఏమైనా దారి ఉందా? రెండోవైపు గారు చెప్పినట్టు ఎవరూ ముట్టుకోకపోతే?

మూలాలెక్కడ
ఆ ఫిర్యాదు న్యాయమైనదే, దానికి వికీపీడియా విధానంలో చోటు కూడా ఉంది. ఏ సంగతికి ఎంత చోటివ్వాలన్నది దాని గురించి విశ్వసనీయ మూలాలు ఎంత రాశాయో దాన్ని బట్టి ఉండాలి. చాలా కంపెనీల వ్యాసాల్లో జరిగేది ఏమిటంటే, కేసు వచ్చినప్పుడు పత్రికలు చూసి ఎవరో ఉత్సాహంగా రాస్తారు. కేసు ముగిసినప్పుడు, అప్పీలు వచ్చినప్పుడు ఎవరూ తిరిగి రారు. కంపెనీ ఏం తయారుచేస్తుంది, ఎలా మొదలైంది, ఎలా పెరిగింది అన్నది ఎవరూ రాయరు. అందుకే వ్యాసం కేసులా కనిపిస్తుంది. కేసును కుదించమని అడిగితే అనుమానం వస్తుంది. మిగతా భాగం పెంచడానికి స్వతంత్ర మూలాలు చూపిస్తే ఎవరైనా ముందుకొస్తారు.

మూలాల గురించి జాగ్రత్త. సీఈవో పేరు, ప్రధాన కార్యాలయం లాంటి వివాదం లేని వివరాలకు మీ వెబ్‌సైట్ చాలు. అంతకు మించి దేనికీ పనికిరాదు. మీ ప్రెస్ నోటును పత్రిక యథాతథంగా వేస్తే అది స్వతంత్ర మూలం కాదు. డబ్బు కట్టి వేయించిన ప్రత్యేక పేజీలూ, మీ అధికారి ఇంటర్వ్యూలో చెప్పిన గొప్పలూ అంతే. మీతో సంబంధం లేని విలేకరి తనంతట తను విచారించి రాసినదే మూలం.

అప్పీలు తీర్పు విషయంలో తీర్పు ప్రతిని మాత్రమే జత చెయ్యకండి. ఏ భాగం నిలిచిందో ఏ భాగం పోయిందో మీరే చదివి చెప్తే అది మీ వ్యాఖ్యానమవుతుంది. ఆ తీర్పు మీద పత్రికల్లో వచ్చిన వార్త వెతకండి. మార్పు అడిగేటప్పుడు నిలిచిన భాగాన్ని కూడా అదే వాక్యంలో చెప్పండి. కొట్టేసిన భాగం మాత్రమే రాస్తే ఎవరూ ముట్టుకోరు, రెండోవైపు గారు చెప్పిన భయం అక్కడిదే. రెండూ ఉంటే సమీక్షకుడికి ధైర్యం వస్తుంది.

ఇంకో మంచి పని ఉంది, దాని గురించి కంపెనీలు ఆలోచించవు. మీ పాత ఫ్యాక్టరీ ఫొటోలు, యంత్రాల ఫొటోలు ఉంటే, హక్కులు మీవే అయితే, స్వేచ్ఛా లైసెన్సు కింద వికీపీడియా వాడుకునే ఫొటోల భాండారం వికీమీడియా కామన్స్‌కు ఇవ్వండి. ఎవరైనా వాడుకోవచ్చని రాసిస్తున్నారన్నది మాత్రం మీ లీగల్ విభాగానికి ముందే చెప్పండి.

నిక్కచ్చి
ఫొటోల్లో లోగో పెద్దగా కనిపించేవి వద్దు. నార్త్ ఫేస్ గుర్తుందిగా.

రెండోవైపు
చిగురు గారూ, ఈ సమాధానాన్ని అచ్చువేసి మీ మేనేజర్ బల్ల మీద పెట్టండి. నిలిచిన భాగం కూడా రాయమన్నది నేను క్లయింట్లతో ఎప్పుడూ గెలవలేని వాదన. మీరు గెలిస్తే ఎలా గెలిచారో ఇక్కడ రాయండి, నాకు పనికొస్తుంది.

వానచినుకు
చిన్న భాషల వికీపీడియాల సంగతి కూడా ఎవరైనా చెప్పండి. అక్కడ చూసేవాళ్లు తక్కువ కదా, కంపెనీలు అక్కడ రాసుకుంటే ఎవరు పట్టుకుంటారు?

మూలాలెక్కడ
చాలాసార్లు ఎవరూ పట్టుకోరు, అది నిజం. ఇంగ్లీషులో తొలగించిన ప్రకటన వ్యాసాలు యంత్రానువాదంతో చిన్న వికీపీడియాల్లోకి వస్తుంటాయి. వాడుక నిబంధనలు అన్ని భాషలకూ ఒకటే, కానీ అమలు చేసే చేతులు తక్కువ. మీ భాషలో వ్యాసాలు చదివే అలవాటు ఉంటే ఖాతా తెరిచి, పది కంపెనీ వ్యాసాలు మీ వీక్షణ జాబితాలో పెట్టుకోండి. ఏ మార్పు జరిగినా మీకు కనిపిస్తుంది. "ప్రముఖ", "అగ్రగామి", "విశిష్ట సేవలు" లాంటి మాటలు చేరాయా, విమర్శ ఉన్న పేరా పోయిందా, దిద్దుబాటు సారాంశంలో మాత్రం "అక్షరదోషాల సవరణ" అని ఉందా, ఇవి చూడండి. సారాంశంలో చెప్పినది ఒకటి, చేసినది ఇంకొకటి అయితే ఆగి చదవాల్సిందే.

చిగురు
మళ్లీ వచ్చాను. లీగల్ విభాగంవాళ్లు అప్పీలు తీర్పు మీద వచ్చిన వార్తలు రెండు వెతికి ఇచ్చారు. ఒకటి చూస్తే మా ప్రెస్ నోటే, మాట మారకుండా వేశారు. దాన్ని పక్కన పెట్టాను. రెండోది విలేకరి కోర్టులో కూర్చుని రాసినది, నిలిచిన భాగం కూడా అందులో ఉంది. రెండోవైపు గారూ, ఆ వార్తే చూపించి "మనం వదిలేసినా ఇది పత్రికలో ఉంది కదా సార్" అన్నాను. ఒప్పుకున్నారు.

ఖాతా తెరిచి, ఫలానా సంస్థ ఉద్యోగినని వాడుకరి పేజీలో రాశాను. మొదట సీఈవో పేరు, తర్వాత స్థాపన సంవత్సరం, ఆఖరున అప్పీలు వాక్యం, విడివిడిగా పెడతాను. పెట్టాక లింకు ఇక్కడ ఇస్తాను, మీరంతా వచ్చి చర్చ పేజీలో ఒక మాట రాస్తే తొందరగా అవుతుందేమో.

మూలాలెక్కడ
లింకు ఇక్కడ పెట్టకండి చిగురు గారూ. బయట మనుషులను పోగుచేసి మద్దతు తెచ్చుకోవడం కూడా అక్కడ నియమ విరుద్ధమే. ఎవరైనా పట్టుకుంటే మీ మంచి అభ్యర్థన కూడా చెడిపోతుంది. మీ విషయం నాకు ముందే తెలిసింది కాబట్టి నేను కూడా ఆ చర్చకు దూరంగా ఉంటాను. వరుసలో వదిలేయండి. సీఈవో పేరు అభ్యర్థన తేలాకే రెండోది పెట్టండి.